రోహిణిగారు ఇంట్లోనే ఉన్నారు

నడక నిర్ధారణ కేంద్రం ముందు పొద్దున్నే కుర్చీబళ్లు బారులు తీరాయి. వాటిలో కూర్చున్నవాళ్లంతా నిన్నటిదాకా ఎవరో ఒకరు. ఇవాళ ఎవరూ కారు.

మొదటి బండిలోని కూరగాయలాయన కాలు రైతుబజారు మెట్టు మీద మడత పడింది. అరగంట తర్వాత బస్సు తలుపు ఆయనకు తెరుచుకోలేదు. ఆ తర్వాత లిఫ్టు, ఆ తర్వాత సొంత ఇల్లు. "మీరెవరు?" అని తన గుమ్మమే తనను అడిగిందని ఆయన నవ్వుతూ చెప్పాడు. డాక్టర్ తారకేశ్వరి ఆయన పాదాన్ని ఎముకచూపు బల్ల మీద పెట్టింది. గాజు కింద నీలి వెలుగు పాకి, చీలమండ బయటివైపు నారింజ రంగుకు తిరిగింది. నరం సాగింది, వారంలో సర్దుకుంటుంది, అప్పటిదాకా కేంద్రం విడిదిలో ఉండండి అని బల్ల చెప్పింది. తారకేశ్వరి తలూపింది. ఆయన్ను ఆమె ముట్టుకోలేదు. ముట్టుకోవలసిన అవసరం ఈ గదిలో చాలా ఏళ్లుగా ఎవరికీ రాలేదు.

విశాఖలో నేలంతా కళ్లే. రోడ్డు పలకల కింద, బస్సు మెట్ల కింద, గడపల కింద నేలకళ్లు పరిచి ఉన్నాయి. మడమ ఎంత బరువుతో దిగుతుంది, చీలమండ ఎటు ఒరుగుతుంది, బొటనవేలు ఎప్పుడు నేలను వదులుతుంది, అన్నీ కలిపితే అది ఆ మనిషి అడుగుముద్ర. తాళాలు లేవు, కార్డులు లేవు, సంతకాలు లేవు. నడిస్తే చాలు, ఊరు తెరుచుకుంటుంది.

ఇదంతా మాయముఖాల కాలం తర్వాత వచ్చింది. ఎవరి ముఖాన్నయినా ఎవరైనా తొడుక్కోగలిగిన రోజులవి. కొడుకు గొంతుతో దొంగలు తలుపు తట్టేవారు. భర్త ముఖంతో ఎవరో వచ్చి పిల్లల్ని తీసుకుపోయేవారు. అప్పుడే ఊరు ముఖాలను నమ్మడం మానేసింది. ఇప్పుడు బాలవిహారంలో అక్షరాల కంటే ముందు నేర్పే పాఠం ఒకటుంది. పిల్లలు చతికిలబడి, కళ్లు మూసుకుని, అరచేతులు నేలకు ఆనించి ఒకే గొంతుతో చదువుతారు.

"ముఖం మారుతుంది. గొంతు మారుతుంది. అడుగు మారదు."

వరసలో చివరి బండి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. దాని రెండువైపులా ఇద్దరు నిఘా సిబ్బంది ఉన్నారు. బండిలో ముప్పై ఏళ్ల మనిషి, చెదిరిన జుట్టు, గోడలు పట్టుకుని నడవడం వల్ల గీసుకుపోయిన అరచేతులు. తారకేశ్వరి ఆమెను గుర్తుపట్టింది. ఆరు వారాల కిందట చీలమండ వాపుతో వచ్చిన గేదెల రోహిణి, పోర్టులో క్రేన్ నడుపుతుంది.

గుర్తుపట్టి, వెంటనే తనను తాను ఆపుకుంది. తను గుర్తుపట్టింది ముఖాన్ని.

నిఘా అధికారి విషయం రెండు ముక్కల్లో చెప్పాడు. గేదెల రోహిణి మూడు వారాలుగా ఊళ్లో మామూలుగా తిరుగుతోంది, పాపను బాలవిహారానికి దింపుతోంది, ఇంటికి వెళ్తోంది. ఆమె అడుగును నేలకళ్లు రోజూ చూస్తున్నాయి. ఈమె మాత్రం ఆమె ముఖం పెట్టుకుని విడిదిలో ఆమె మంచం మీద పడుకుంటోంది. నిన్న ఆ ఇంటికే వెళ్లి తలుపు బాదింది. మీ బల్ల ఏమంటుందో చూసి చెప్పండి, తీసుకుపోతాం అన్నాడు.

బల్ల క్షణంలో తేల్చేసింది. ఈ చీలమండకు గాయం లేదు. సాగిన నరాలు అతుక్కున్నాయి. ఈ నడక రోహిణిది కాదు. గాయం లేకుండా నడక వేరైతే మనిషి వేరు.

"సాయంత్రం ఏకీకరణ ఉంది కదా," అన్నాడు అధికారి. "దీపాలు పెట్టేలోపు పని అయిపోవాలి మేడమ్."

ఏకీకరణ వారానికొకసారి జరుగుతుంది. ఒకే పేరుకు ఇద్దరు పోటీకొస్తే, అడుగు కలిసిన మనిషి మిగులుతుంది. రెండో మనిషిని అనామకుల శిబిరానికి పంపుతారు. అక్కడినుంచి తిరిగొచ్చినవాళ్లను తారకేశ్వరి ఎరగదు. ఎలా వస్తారు, వాళ్లకు తెరుచుకునే తలుపు ఒక్కటీ ఉండదు.

"నిన్న ఏం జరిగిందమ్మా?" అని ఆమె రోహిణిని అడిగింది.

రోహిణి ఏడవలేదు. ఏడుపు అయిపోయిన మనిషిలా ఉంది. విడిదిలో వారాల తరబడి ఉన్నా కాలు బాగుపడలేదనీ, పాపను చూడాలనిపించి ప్రాణం ఆగక గోడలు పట్టుకుంటూ, ఒంటికాలి మీద గెంతుతూ కొండ ఎక్కి ఇంటికి పోయాననీ చెప్పింది. మొగుడు సముద్రం అడుగున గనిలో ఉంటాడు, వర్షాకాలానికి గానీ రాడు. ఇల్లు తాళం వేసినట్టే ఉండాలి, పాప బాలవిహారంలోనే పడుకోవాలి.

"గడప మీద కాలు పెట్టీసేనండి. ఇల్లు అడిగింది, మీరెవరని. నేను రోహిణినే, దెబ్బ తగిలి కుంటుతున్నాను, తలుపు తియ్యే అన్నాను." ఆమె గీసుకుపోయిన అరచేతులు చూసుకుంది. "రోహిణిగారు ఇంట్లోనే ఉన్నారు, మీరెవరు, అని మళ్లీ అడిగిందండి. లోపల మా కుందన నవ్వు వినబడింది. ఎవరో దాని ఎనకాల పరిగెడుతున్నారు. ఆ చప్పుడు నాదండి. నా అడుగు చప్పుడు నాకు తెల్దా."



తారకేశ్వరి నిఘావాళ్లను బయట కూర్చోమంది. బల్ల వెలుగు ఆర్పేసింది. వెళ్లి చేతులు కడుక్కుంది. చదువుకునే రోజుల్లో మానేసిన అలవాటు హఠాత్తుగా తిరిగొచ్చినట్టు అనిపించింది. ఆమెకు చదువు చెప్పిన ముసలి సర్జన్ ఈ బల్లలు రాకముందు మనిషి. కాలు చూడటమంటే ఆయనకు ఒక వరస ఉండేది. దెబ్బ ఎలా తగిలిందో ముందు అడగాలి. బాగున్న కాలు ముందు పట్టుకోవాలి, ఎందుకంటే ఆ మనిషికి మామూలేమిటో ఆ కాలే చెబుతుంది. మోకాలినుంచి కిందికి రావాలి. నొప్పి అన్నచోటికి అన్నిటికన్నా చివర వెళ్లాలి. క్లాసులో అందరూ నవ్వేవాళ్లు, తారకేశ్వరితో సహా.

"ఎలా పడ్డావు?"

"పడలేదండి, తిరిగేను. క్రేన్ దిగుతుంటే పాదం ఇనప జాలీలో ఇరుక్కుంది. ఎనకనుంచి ఎవరో పిలిచేరు. ఒళ్లంతా తిరిగింది, పాదం ఒక్కటీ తిరగలేదు."

"మొదటిరోజు మడత పడిందన్నావుగా."

"మడత పడిందా అని మీరే అడిగేరు. ఔనన్నాను. అందరికీ మడతే కదండీ."

తారకేశ్వరి ఎడమకాలు, బాగున్నది, రెండు చేతుల్లోకి తీసుకుంది. వెచ్చగా ఉంది. ఒకరి పాదం వెచ్చగా ఉంటుందన్న సంగతి ఆమె మరిచిపోయింది. మడమ పట్టి ముందుకు లాగింది, లోపలికి వంచింది, బయటికి తిప్పింది. అది ఎంత కదులుతుందో చేతులు గుర్తుపెట్టుకున్నాయి. తర్వాత కుడికాలు. బయటి చీలమండ గుబ్బ వెనక నొక్కింది. నొప్పి లేదు. చిటికెనవేలి ఎముక మొదట్లో నొక్కింది. లేదు. పాదం మధ్య లేదు. లోపలి గుబ్బ కింద కొంచెం. మడమ పట్టి లాగితే రెండు కాళ్లూ ఒకేలా బిగువుగా ఆగాయి. బల్ల అబద్ధం చెప్పలేదు.

అప్పుడు ఒక చేత్తో కాలు పట్టుకుని, రెండో చేత్తో పాదాన్ని మెల్లగా బయటికి తిప్పింది. రోహిణి ఊపిరి బిగబట్టింది. పిక్కను రెండువైపులనుంచి కలిపి నొక్కింది. నొక్కింది పిక్క దగ్గర, నొప్పి వచ్చింది చీలమండ పైన. తారకేశ్వరి బొటనవేలితో కాలి బయటివైపు సన్న ఎముకను తడుముతూ పైకి వెళ్లింది. పైకి, ఇంకా పైకి. మోకాలికి కొంచెం కింద ఒక చిన్న గడ్డ తగిలింది. దాన్ని ముట్టుకోగానే రోహిణి ఆమె మణికట్టును గట్టిగా పట్టేసుకుంది.

"అక్కడెందుకు నొప్పండీ? దెబ్బ కింద కదా తగిలింది."

బల్ల చూసేది పాదం, దాని పైన జానెడు. అంతకుమించి చూడమని దానికి ఎవరూ చెప్పలేదు. చీలమండ అని వచ్చినవాళ్ల మోకాలు చూడటమెందుకని తయారుచేసినవాళ్లు అనుకుని ఉంటారు. తారకేశ్వరి రోహిణిని పక్కకు ఒరిగించి, మోకాలిని గాజు మీదికి జరిపి వెలుగు వేసింది. సన్న ఎముక పైకొన దగ్గర ఎర్రటి గీత మెరిసింది. విరిగి, వంకరగా అతుక్కోబోతోంది. పాదం చిక్కుకుని ఒళ్లు తిరిగినప్పుడు ఆ మెలిక చీలమండ దగ్గర మొదలై, రెండు ఎముకలను కలిపి ఉంచే నారను చింపుకుంటూ పైదాకా పాకి, అక్కడ ఎముకను విరిచి బయటపడింది.

రోహిణిని పట్టుకుని ఒక్క క్షణం గాజు మీద నిలబెట్టింది. బరువు పడగానే చీలమండ పైన రెండు ఎముకలూ గుమ్మం రెక్కల్లా కాస్త విచ్చుకున్నాయి. కూర్చోబెట్టగానే మూసుకున్నాయి. బల్ల ఎప్పుడూ కూర్చున్నవాళ్ల కాళ్లనే చూసింది.

"నీ కాలు నిజంగా విరిగింది. ఆరు వారాలుగా విరిగే ఉంది. నేను పైకి చూడలేదు," అంది తారకేశ్వరి. "ఈ కాలితో నీ పాత అడుగు నువ్వు వెయ్యలేవు. ఎంత నేర్పినా రాదు."

రోహిణి ఆమె ముఖంలోకి చూసింది.

"మరి మా ఇంట్లో ఏస్తున్నదెవరండీ?"

ఆ ప్రశ్నకు జవాబు తారకేశ్వరికి అప్పటికే తెలిసిపోయింది. ఈ ఊళ్లో ఇంకొకరి అడుగు వెయ్యగలిగేవాళ్లు ఒక్క రకమే ఉన్నారు. వాళ్లకు జీతమిచ్చేది ఈ కేంద్రమే.

గాయం మానినా అడుగు వెంటనే తిరిగిరాదు. అందుకే తోడునడక పెట్టారు. శిక్షకురాలు రోగి పాత అడుగుముద్రను కంపించే బూట్లలో వేసుకుని, అది తన కాళ్లకు వచ్చేదాకా సాధన చేస్తుంది. ఆ తర్వాత రోగి పక్కనే, భుజానికి భుజం తగిలేలా, రోజూ ఆ అడుగే వేస్తుంది. చూసి, విని, ఆనుకుని రోగి ఒళ్లు తన అడుగును గుర్తుతెచ్చుకుంటుంది. మామూలుగా పదిరోజుల పని. అది కాగానే శిక్షకురాలు విడుపు తీసుకోవాలి. కొన్నాళ్లు ఒంటరిగా నడిచి, పరాయి అడుగును వదిలించుకుని, తనదాంట్లోకి తిరిగిరావాలి. విడుపు లేకుండా ఒకే అడుగులో ఎక్కువకాలం ఉండకూడదని నియమం.

రోహిణికి తోడు నడిచింది కాంచన. రోహిణి కాలు మానలేదు కాబట్టి కాంచన ఆ అడుగును వదలలేదు. మానకపోవడానికి కారణం ఎవరూ చూడలేదు. బల్ల బాగుందంటోంది కదా, ఇంకొంచెం నడిపించు అని చెప్పింది తారకేశ్వరే. కాంచన నాలుగో వారంలో పనికి రావడం మానేసింది. సెలవు పెట్టిందనుకున్నారు.

తారకేశ్వరి బయటికి వచ్చి, పరీక్షాధికారిగా రోహిణికి తను పూచీ అని నిఘా అధికారికి చెప్పింది. గాయం రుజువైంది కాబట్టి ఈ కుంటినడకనే రోహిణి కొత్త ముద్రగా రాయించే అధికారం ఆమెకు ఉంది. కాకపోతే కొత్త ముద్రను ఆ మనిషి సొంత గడప మీదే వెయ్యాలి. అతను ఆకాశం వైపు చూసి, పొద్దు వాలిపోతోంది మేడమ్, నాకేం అభ్యంతరం లేదు గానీ ఏకీకరణ నా కోసం ఆగదు అన్నాడు.

భీమిలి రోడ్డు మీద బండి పోతుంటే, కాలు నేలకు ఆనించవద్దనీ, గడప మీద ముద్రకు తప్ప ఆపరేషన్ అయ్యేదాకా ఒక్క అడుగు కూడా దాని మీద వెయ్యకూడదనీ, వేస్తే అతికించడానికి ఏమీ మిగలదనీ తారకేశ్వరి మళ్లీ మళ్లీ చెప్పింది. రోహిణి ఊఁ కొడుతూనే ఉంది. ఆమె కళ్లు కొండ మీది దీపాల మీద ఉన్నాయి.

ఆ అంతస్తులో వరండా పొడుగ్గా, ఖాళీగా ఉంది. తారకేశ్వరి రోహిణికి భుజం ఆసరా ఇచ్చి ఒంటికాలి మీద నడిపించింది. గడప మీద తను ముందు అడుగు పెట్టింది.

"పరీక్షాధికారిగారికి దారి," అంది ఇల్లు మృదువుగా. తలుపు పక్కకు జరిగింది.

లోపల దీపం వెలుగులో కాంచన చాప మీద కూర్చుని ఉంది. ఆమె ముందు నాలుగైదేళ్ల పాప, తలకు నూనె రాసి ఉంది, ఒక జడ వేయడం అయింది, రెండోది సగంలో ఉంది. కాంచన వాళ్లను చూసి కంగారుపడలేదు. చేతిలోని జడ పాయలను వదలకుండా అలాగే ఉండిపోయింది, ఎప్పటినుంచో ఎదురుచూస్తున్న బండి వచ్చినట్టు.

కుందన తలెత్తి రోహిణిని చూసింది. పెదాలు విచ్చుకున్నాయి. 'అ' అన్న శబ్దం సగం బయటికి వచ్చింది కూడా. రోహిణి చేతులు చాపి, తారకేశ్వరి పట్టునుంచి జారి, రెండు అడుగులు వేసింది. కుంటి అడుగులు, ఒకటి బరువుగా, ఒకటి ఈడ్చుకుంటూ.

పాప చూపు ముఖం మీదినుంచి నేల మీదికి దిగింది. ముఖంలో వెలుగు ఎవరో ఊదేసినట్టు ఆరిపోయింది. కాంచన చీర కుచ్చిళ్లలోకి వెనక్కి జరిగింది.

"అమ్మా, మాయముఖం వచ్చింది," అంది మెల్లగా, బడిలో నేర్పినట్టు, అరవకుండా. "అచ్చం నీ పాత ముఖమే పెట్టుకుంది."

రోహిణి నిలబడ్డచోటే గోడకు చేరగిలబడింది. కాంచన వైపు చూసిన చూపులో కోపం కంటే అడగలేనిది ఏదో ఎక్కువ ఉంది.

కాంచన జడ పూర్తిచేసి, రిబ్బను కట్టి, అప్పుడు మాట్లాడింది. ఎక్కువ భాగం నేల వైపు చూస్తూనే చెప్పింది. ఒకరోజు సాయంత్రం కేంద్రంనుంచి అలసిపోయి ఇంటికి వెళ్తే తన గది తలుపు తెరుచుకోలేదు. మీరెవరని అడిగింది. తన అడుగు వెయ్యాలని ప్రయత్నించింది. ఎలా వేసేదో గుర్తు రాలేదు. వరండాలో రాత్రంతా అటూ ఇటూ నడిచింది, ఒక్కసారి కూడా రాలేదు. పొద్దున్నే తన బస్సు తలుపు తెరవలేదు. ఇంకో బస్సు తెరిచింది. ఆ బస్సు ఇక్కడికి తెచ్చింది. లిఫ్టు ఈ అంతస్తుకు తెచ్చింది. ఈ తలుపు స్వాగతం రోహిణిగారూ అంది. ఊళ్లో ఆమెను రమ్మన్న తలుపు అదొక్కటే. రోహిణి ఇల్లు చేరిందని సాయంత్రానికి బాలవిహారంవాళ్లు పాపను తెచ్చి దింపారు. పాప ఆమె ముఖం చూసింది, నేల మీద చెయ్యి పెట్టి నడవమంది, నడిచాక వచ్చి కాళ్లు చుట్టేసుకుంది.

"నా దగ్గరికి రావలసింది కదా కాంచనా," అంది తారకేశ్వరి.

"వచ్చేనండి. మూడుసార్లు వచ్చేను. రోహిణిగారూ, మీ నడక బాగుంది, మీకిక్కడ పని లేదు అని మీ తలుపే నన్ను పంపీసింది."

కిటికీ బయట సముద్రం మీద వెలుతురు నల్లబడుతోంది. కాంచన పాపను పక్కన కూర్చోబెట్టి, తన కుడిపాదం ముందుకు చాపింది.

"నా కాలు కూడా ఒకసారి చూడండి మేడంగారూ. ఈవిడకి చూసినట్టు, చేత్తో."

ఆమె ఏమడుగుతోందో తారకేశ్వరికి అర్థమైంది. దెబ్బ ఉంటేనే కొత్త ముద్ర. దెబ్బ రుజువైతే కాంచనను కాంచనగా రాయించవచ్చు. తారకేశ్వరి చాప మీద కూర్చుని ఆ పాదాన్ని ఒళ్లోకి తీసుకుంది. ముందు బాగున్న కాలు, తర్వాత రెండోది. కానీ ఇక్కడ బాగులేనిది ఏది? మోకాలు కింద తడిమింది. పిక్క నొక్కింది. పాదం బయటికి తిప్పింది, లోపలికి వంచింది. గుబ్బల వెనక, వేళ్ల మొదట్లో, మడమ కింద, ఎక్కడో ఒకచోట నొప్పి దొరకాలని ఆమె వేళ్లు వెతికాయి. చిన్న వాపైనా, పాత బెణుకైనా. రెండు కాళ్లూ చక్కగా, గట్టిగా, ఏ లోపమూ లేకుండా ఉన్నాయి. అంత ఆరోగ్యమైన చీలమండలు ఆమె ఈమధ్య చూడలేదు.

"ఏమీ లేదు కాంచనా," అంది.

కాంచన తలూపి పాదం వెనక్కి తీసుకుంది.

"కానివ్వండి. చీకటి పడిపోతే ఆవిడకి కూడా ఏమీ ఉండదు."

తారకేశ్వరి లేచి, గడప దగ్గర నిలబడి, తన పేరు, హోదా చెప్పి, గాయం వివరం చెప్పింది. రోహిణిని పట్టుకుని గడప దాటించి, మళ్లీ లోపలికి నడిపించింది. పాత ముద్ర రద్దు, ఇదే ఇకనుంచి రోహిణి అడుగు. రెండు చిన్న గంటలు మోగాయి, అమ్మ ఇంటికొచ్చినప్పుడు పాప కోసం మోగే గంటలు.

"స్వాగతం రోహిణిగారూ," అంది ఇల్లు.

కుందన పైకప్పు వైపు చూసింది. రోహిణిని చూసింది. కనుబొమలు ముడిపడ్డాయి.

"ఇల్లు అబద్ధం చెప్తోంది," అంది.

రోహిణి గోడ పట్టుకుని మెల్లగా వంగి పాపను పేరు పెట్టి పిలిచింది. ఏ వేళకు పుట్టిందో, పాలపళ్లు మొదట ఏవి వచ్చాయో, జ్వరమొస్తే ఏ పాట పాడితే పడుకునేదో చెప్పింది. పాప అన్నీ విన్నది. వింటూ చెవులు మూసుకోలేదు, దగ్గరికీ రాలేదు. గొంతు మారుతుందని ఆమెకు తెలుసు. చివరికి గోడ దగ్గర చతికిలబడి, కళ్లు గట్టిగా మూసుకుని, రెండు అరచేతులూ నేలకు ఆనించింది.

"నడువు," అంది.

తారకేశ్వరి వద్దని చెయ్యెత్తింది. రోహిణి ఆమె వైపు చూడనైనా లేదు. గోడ వదిలేసి, గది ఈ చివరనుంచి ఆ చివరకు నడిచింది. విరిగిన కాలు మీద బరువు పడ్డ ప్రతిసారీ ఆమె పళ్లు బిగించడం కనిపించింది. చప్పుడు రానివ్వలేదు.

"కాదు," అంది పాప కళ్లు తెరవకుండా. "మళ్లీ."

రోహిణి తిరిగింది. ఈసారి కుంటకుండా నడవాలని చూసింది. మడమ ముందు దించి, పాదాన్ని దొర్లించి, తన పాత అడుగును ఎక్కడినుంచో లాక్కురావాలని చూసింది. సగం దూరంలో మోకాలు లొంగిపోయింది. భోజనాల బల్ల అంచు పట్టుకుని నిలబడి, మళ్లీ మొదలుపెట్టింది.

"కాదు."

కాంచన చాప పక్కన కదలకుండా నిలబడి ఉంది. రోహిణి నడక మొదలైనప్పటినుంచీ ఆమె ఒక్క అంగుళం జరగలేదు. ఎందుకో తారకేశ్వరికి కాసేపటికి గానీ తట్టలేదు. తలుపు తెరిచే ఉంది. వెళ్లిపోవాలంటే నడవాలి. ఆమె ఒక్క అడుగు వేసినా నేల మీద చేతులు పెట్టుకున్న పాపకు తెలిసిపోతుంది, అమ్మ తనను వదిలి ఎటు పోతోందో.

కాంచన తారకేశ్వరి వైపు చూసింది. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుంది. చప్పుడు చేయకుండా మోకాళ్ల మీదికి వంగి, అరచేతులు నేల మీద పెట్టి, పాకడం మొదలుపెట్టింది. చాప దాటింది. బల్ల కాళ్ల పక్కగా, రోహిణి ఈడుస్తున్న పాదం పక్కగా వెళ్లింది. రోహిణి ఆగి ఆమెను చూసింది. కాంచన గడప దాటి వరండాలోకి, చీకట్లోకి, అలాగే నాలుగు కాళ్ల మీద వెళ్లిపోయింది.

"నేల మీద ఏదో పడింది," అంది ఇల్లు. "తుడవమంటారా, రోహిణిగారూ?"

కాసేపటికి తలుపు మూసుకుంది. బయట దీపాలు వెలిగాయి.

కుందన అరచేతులతో నేలను చాలాసేపు విన్నది. ఎక్కడా అడుగు కదలలేదు. ఎవరూ వెళ్లలేదు. ఆమె ముఖంలో భయం మెల్లగా తగ్గింది.

"మా అమ్మ ఇంట్లోనే ఉంది," అంది కళ్లు మూసుకునే, ధైర్యంగా. "నువ్వు మళ్లీ నడువు."